నిఖాకు ముందే రెండు మిషన్లు

సౌదీలో జెద్దా షరఫియా బజారు కొట్టులో పనికి కుదిరిన మూడో రోజే దర్జీ మస్తాన్ వలీ, దర్జాగా మెళ్లో టేపు తీసి, బురఖాలో ఉన్న ఓ మనిషి వైపు నడిచాడు.

"రాండమ్మా, కొలతలు తీస్తా" అన్నాడు రాయచోటి అలవాటుగా.

"ఆడనే నిలబడప్పా!" అని తెలుగులోనే ఉరిమిందామె. "ఈడ ఆడోళ్లకు టేపు పెట్టరు. ఆది గుడ్డ ఇస్తే, అది చూసి కుట్టల్ల. మతం కట్టుబాట్లు చూసే మతావా పోలీసుల కంట పడితే టేపుతో పాటు నిన్నూ మడిచి పెడతారు!"

ఆమె పేరు మాబున్ని. ఊరు రాయచోటి పక్కనే. భర్త చనిపోయాక ఇక్కడో సౌదీ ఇంట్లో వంటపనికి వచ్చింది. కూతురు రిజ్వానా అమ్మమ్మ ఖాసింబీ దగ్గర ఎనిమిదో తరగతి చదువుతోంది.

నెలకో గురువారం పిల్లల గౌన్లిచ్చి మాబున్నిని దర్జీ కొట్టుకు పంపేది ఆ ఇంటి మేడం. ఆవిడ ఎదురంగట్లో అత్తర్లు వాసన చూసే పది నిమిషాలే ఇద్దరి మాటలకూ దొరికిన తీరిక. ఏడాదిన్నర గడిచేసరికి వలీ గుండెకు గుండీలన్నీ ఊడిపోయాయి.

"నిఖా చేసుకుందామా?" అన్నాడు ఓ గురువారం, తలెత్తకుండా.

"మెహర్ ఏమిస్తావ్?"

"నిఖాలో పెండ్లికూతురికి పెండ్లికొడుకు ఏదో ఒకటి రాయిస్తాడులే. దాన్ని ఎవరడుగుతారు?"

"నేనడుగుతా. రెండు కుట్టు మిషన్లు. నా పేరు మీద. నిఖాకు ముందే."

వలీ మొహం వాడిపోయింది. ఇన్నాళ్లూ గుడ్డలు కుట్టినవాడికి, మాట ఎలా కుడుతుందో అప్పుడు తెలిసింది.

"అంటే నన్ను నమ్మవా?"

మాబున్ని గొంతు తగ్గించింది. "మొదటి నిఖా అయినంకనే 'మెహర్ మాఫ్ చేసినా' అని నాతో అనిపించినారు మా అత్తోళ్లు. అందరూ అనేదే గదా అని అన్న్యా. పదహారేండ్లు నాకు. ఆయప్ప లారీ కింద పోయినాక, చంకలో బిడ్డతో నన్ను బయట నిలబెట్టినారు. ఏమన్నా ఇయ్యండంటే, 'మాఫ్ చేస్తివి గదమ్మే' అన్న్యారు. మెహర్ మాఫ్, నా బతుకు సాఫ్."

వలీ నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె కళ్లల్లో నవ్వు లేదు.

"నువ్వు మంచోడివే. ఆయప్పా మంచోడే. మంచోళ్లు గూడా పోతారప్పా. నా బిడ్డ నా మాదిరి ఒకరింట్లో గిన్నెలు తోమకూడదు. ఒక మిషన్ నాకు, ఇంకోటి నేర్చుకోను వచ్చే ఆడపిల్లలకు."

బయట మేడం కారు హారన్ మోగింది. గౌన్ల సంచీ తీసుకుని వెళ్లిపోయింది.

మరుసటి నెల ఆమె గడపలోనే తటపటాయించింది. వలీ ఊరికి ఫోను కలిపి ఆమె చేతికిచ్చాడు. అవతల ఖాసింబీ.

"మిషన్లు రెండూ వసారాలో దించిపోయినారు మే! బిల్లు రిజ్వానా చదివింది. నీ పేరే ఉండాది."

మాబున్ని ఫోను తిరిగి వలీ చేతిలో పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది.

"నేను నిఖా వద్దంటే?"

వలీ ఈసారి తలెత్తి ఆమెనే చూశాడు.

"అప్పుడూ అవి నీవే."

ఆమె కళ్లు తుడుచుకుంది. హారన్ మళ్లీ మోగింది. గడప దాటబోతూ వెనక్కి తిరిగింది.

"నా అగ్రిమెంటు బక్రీదుకు అయిపోతాది. నిన్ను పనికి తెచ్చుకున్న కఫీల్ ఊరికి ఎప్పుడు పంపిస్తాడో, ఈ పొద్దే అడుగు."