ఎవరి తరఫున?

గుడివాడ రైల్వే రిఫ్రెష్‌మెంట్ రూములో లాల్ సేఠ్ టీ కప్పు పట్టుకునే ప్రాణం వదిలాడు. ఎదుటి కుర్చీలోని పెడన అద్దకం బట్టల వ్యాపారి ఫౌంటెన్ పెన్నుకు మూత బిగించి, తలపాగా సర్దుకుని బందరు రైలెక్కాడు. పెన్నులో ఉన్నది సిరా కాదు. ఆయన వ్యాపారీ కాదు. పేరు శేషగిరి. బందరు కోర్టులో కేసుల్లేక గూఢచారి అయిన ప్లీడరు. లోపల అంతా మొద్దుబారి ఉంది.

అది 1942 ఆగస్టు. జపాను సబ్‌మెరీన్‌కి దివిసీమ తీరంలో లాల్ పడవ డీజిల్ అందించబోతోంది. అందిందంటే మద్రాసు దారిలో ఓడలు మునుగుతాయి. లాల్‌ని తీసేస్తే పడవ ఆగిపోతుందని శేషగిరిని పంపిన మద్రాసు గూఢచారి శాఖ దొర లెక్క. ఆపరేషన్‌కి కాగితం లేదు, సాక్షి లేడు. పట్టుబడితే నువ్వెవరో నాకు తెలియదని దొర ముందే చెప్పేశాడు. పని పురమాయించిన యజమాని పేరు చెప్పని ఏజెంటే పూచీ మోయాలని శేషగిరి లా కాలేజీలో చదువుకున్నదే.

బందరులో సత్యవేణి ఇంటికి వెళ్లాడు. స్టేజీ మీద రాణి వేషాలు వేసే ఆవిడ లాల్ దగ్గరా, దొర దగ్గరా కూడా జీతం పుచ్చుకునేది. అప్పుడే మద్రాసు నుంచి దిగింది. గుడివాడ సంగతి విని, జడ అల్లుకుంటూ రెండు కబుర్లు చెప్పింది. దొర మొన్న విమానం కూలి చనిపోయాడు. పడవ ఆగలేదు. ఉద్యమంలో తంతి తీగలు తెగ్గొట్టారు గనక సేఠ్ చావు సంగతి పడవ నడిపే సరంగు గౌస్‌కి అందదు. మధ్యాహ్నం నీరు తీసే పాటుకి నాగాయలంకలో లంగరు ఎత్తేస్తాడు.

శేషగిరి లేచాడు.

"ఎక్కడికండీ? పొద్దున చేసింది దొర పోయాడని తెలియక చేశారు. ఇప్పుడు తెలిసింది కదా. ఇకమీద ఏం చేసినా మీ సొంత వ్యవహారమే."

నిజమే. ఇంటికి వెళ్లి పడుకోవచ్చు. కానీ ఓడల్లో మనుషులుంటారు. భయం వేయలేదు, పౌరుషమూ రాలేదు. బొగ్గుతో నడిచే నాగాయలంక బస్సుకి వేళయిందని మాత్రం తోచింది.

నాగాయలంక రేవులో పోలీసు అన్నవాడు లేడు. అందరూ తీగల కాపలాకి పోయారు. లంగరు సగం పైకి వచ్చేసింది. శేషగిరి మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు.

"గౌస్, మీ సేఠ్ పోయాడు. అది తెలియనంతసేపూ నువ్వు ఆయన మనిషివి. ఇప్పుడు తెలిసింది. ఇక బయల్దేరితే ఆ డీజిల్ నీది, ఉరీ నీదే."

గౌస్ నవ్వాడు. "పోయాడని ఎవరు చెప్పారు బాబూ?"

"నేనే చంపాను. టీలో విషం కలిపాను."

ఉరికంబం ఎక్కించే అబద్ధం ఎవడూ ఆడడు. గౌస్ అతని ముఖం చూశాడు. లంగరు దబ్బున నీళ్లలో పడింది. ఆనక పడవవాళ్లు లంగరు తాడు ముక్కతోనే శేషగిరిని కట్టి అవనిగడ్డ స్టేషన్‌కి తెచ్చారు. సముద్రంలో సబ్‌మెరీన్ చూసి చూసి వెళ్లిపోయింది.

ఎవరు పంపారని ఇన్‌స్పెక్టరు అడిగాడు. ఎవరూ పంపలేదండీ అన్నాడు శేషగిరి. నీ తరఫున చెప్పేవాళ్లెవరూ లేరా అని ఇన్‌స్పెక్టరు మళ్లీ అడిగాడు.

"ఒకాయన ఉండేవాడండీ. బతికుంటే వచ్చి, నేనెవరో తెలియదని చెప్పేవాడు."