మూడో గ్లాసు పోర్టర్

కర్నూలు–కడప కాలువలో శవం తేలింది. చనిపోయినవాడు ఏజెంట్ పదిహేడు. బూటు మడమలో దాచిన చీటీలో రెండే ముక్కలు: "శనివారం. పోర్టర్."

2006 మార్చి, శుక్రవారం. చీఫ్ రంగన్న ఆ చీటీని ఏజెంట్ నలభై ఒకటి ముందు పెట్టాడు. నలభై ఒకటి అసలు పేరు ఉమామహేశ్వర. ఎమ్మిగనూరు మగ్గాల ఇంట్లో పుట్టినవాడు.

"పోర్టరంటే నల్లబీరప్పా," అన్నాడు రంగన్న. " బేతంచెర్ల దగ్గర హెర్మన్ అనే విదేశీయుడు చిన్న బ్రూవరీ పెట్టినాడు. రేపు ఒంటిగంటకు కర్నూలు గెస్ట్‌హౌసులో పన్నెండుమంది క్షిపణి శాస్త్రవేత్తలకు విందు. లండన్లో స్థిరపడిన మనదేశపు బీరు విమర్శకుడు వచ్చి మూడు రకాలు రుచి చూసి, ఏది బాగుందంటే ఆ పీపా విందుకు పోతాది. గ్లాసులెత్తే ముందు వాని రివ్యూ బ్రూవరీ నుంచి స్పీకర్‌ఫోన్లో చదువుతారు. వాణ్ణి ఎయిర్‌పోర్టులోనే ఆపేసినాం. వాని బదులు నువ్వు పోతాండావు."

"విందే ఆపేయొచ్చు గదా సార్?"

"చీటీముక్క చూపిస్తే పైవాళ్లు నవ్వినారు. రుజువు కావాలంట. విషముంటే రివ్యూలో 'మాడిన బెల్లం' అని రాయి. ఆడ మన మనిషి వింటాంటాడు."

"చదివేదెవరు?"

"శశికళ. హెర్మన్ సెక్రటరీ. మన మనిషే. వాళ్ల మనిషి గూడా. ఆయమ్మ కడకు ఎవరి పక్కనుంటాదో నాకే తెలీదు."

"విషం తాగితే?"

"పదిహేడు పోస్ట్‌మార్టం రిపోర్టు చూసినా. నాలుగైదు గంటలు. విరుగుడు లేదు." అంటూ ల్యాబువాళ్లు పంపిన కాగితాల కట్ట చేతిలో పెట్టాడు. విషం తగిలితే అవి నల్లబడతాయట.

శనివారం ఉదయం పదిన్నర. బ్రూవరీ వరండాలో నల్లటి కడపరాళ్లు పరిచి ఉన్నాయి. గేటు దగ్గర ఇద్దరు తుపాకీలవాళ్లు. సెల్‌ఫోనుకు సిగ్నల్ లేదు, ఉన్నదల్లా లోపల ఒక్క ల్యాండ్‌లైన్. ఆకుపచ్చ షిఫాన్ చీర, నల్లకళ్లద్దాలతో శశికళ మూడు గ్లాసులు తెచ్చి పెట్టింది.

ఉమామహేశ్వర దొంగచాటుగా కాగితం ముంచాడు. నల్లబడింది. రెండో గ్లాసులో ముంచాడు. అదీ నల్లబడింది. నల్లబీరులో ముంచితే ఏ కాగితమైనా నల్లబడుతుందని అంత పెద్ద ల్యాబులో ఒక్కడికీ తట్టలేదు. కాగితం మీద పెట్టుకున్న ఆశ అక్కడికి సరి.

ఇక మిగిలింది నాలుకే. వైన్ రుచి చూసేవాళ్లు ఉమ్మేస్తారు గానీ, బీరు చేదు గొంతు దిగితే తప్ప తేలదు. ఉమ్మితే దొరికిపోతాడు. మొదటి గ్లాసు పలచన, చల్లారిన కాఫీ. రెండోది పులుపు. ఈ రెండూ హెర్మన్ కూడా తాగాడు. మూడో గ్లాసు వచ్చేసరికి ఫోనొచ్చిందని లోపలికి వెళ్లాడు.

మూడోది అద్భుతం. దోరగా వేగిన వేరుశనగ, చాక్లెట్, చివర్లో కమ్మని చేదు. అంత భయంలోనూ అతనికి ముచ్చటేసింది.

"ఇదే బాగుంది," అనేశాడు. మంచి నేతను మంచి నేత అనకుండా ఉండలేని ఇంట పెరిగిన నోరు అది.

ఐదు నిమిషాల్లో పీపా జీపెక్కింది. జీపు గేటు దాటింది.

"లండన్లో గూడా పెద్దలకు వదుల్తారా?" శశికళ మెల్లగా అడిగింది.

అతను తన వేలి వైపు చూసుకున్నాడు. తనకు తెలీకుండానే ప్రతి గ్లాసుకూ ముందు వేలు ముంచి మూడు చుక్కలు నేల మీద చిలకరించేశాడు. నాయన కల్లు తాగేముందు చనిపోయిన పెద్దల పేరు చెప్పి అట్లాగే చేసేవాడు. వేషం, యాస, సూటు అన్నీ ఆ ఒక్క వేలితో పోయాయి.

తల వంచి నేల చూశాడు. మొదటి చుక్కల చుట్టూ చీమలు ముసురుకున్నాయి. రెండో చుక్కల చుట్టూ అంతే. మూడో చుక్కల దగ్గర చీమలు కాళ్లు ముడుచుకుని పడి ఉన్నాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. అతను భయపడ్డాడు, ఏడుపొచ్చింది. తనెలాగూ పోతాడు. పోతూ పన్నెండుమందిని వెంటపెట్టుకుని పోతున్నాడు. మిగిలిన దారి ఒక్కటే, అదీ ఈ రెండు నాలుకల మనిషి నోటి మీదుగా. రివ్యూ రాశాడు. "చివర్లో మాడిన బెల్లం రుచి" అని ముగించి ఆమెకిచ్చాడు. ఆమె ఆ మాట చదివి, నేల మీది చీమలను చూసింది. కాగితం మడిచి లోపలికి తీసుకుపోయింది.

ఒంటిగంట. పక్కన హెర్మన్ నవ్వుతూ కూర్చున్నాడు. కర్నూలులో గ్లాసులు నింపుతున్న చప్పుడు స్పీకర్లో వినబడింది. శశికళ చదువుతోంది. వేరుశనగ అయింది, చాక్లెట్ అయింది. "చివర్లో..." అని ఆగిపోయింది. ఉమామహేశ్వర కళ్లు మూసుకున్నాడు.

"...మాడిన బెల్లం రుచి."

అవతల ఎవరో "తాగొద్దు!" అని అరిచారు. గ్లాసులు భళ్లున పగిలాయి.

హెర్మన్ పిస్తోలు తీసేలోపు శశికళ పిస్తోలు అతని మెడకు ఆనింది. వెంటనే ఆ లైను పెట్టేసి, ఊరి బయట కాచుకున్న పోలీసులకు ఫోన్ చేసింది. అరగంటలో జీపులు గేటు విరగ్గొట్టుకుని లోపలికొచ్చాయి.

"మా నాయన గూడా అట్లే వదిలేవాడన్నా," అందామె అతని పక్కన కూలబడి. "మాడిన బెల్లమని చదివినంకే నువ్వు మన మనిషివని గట్టిగా తెలిసింది. ముందే అడిగింటే నేనే చెప్పింటి గదా."

"నిన్ను నమ్మలేదు తల్లీ."

మధ్యాహ్నం మూడుకు రంగన్న లైన్లోకొచ్చాడు. అప్పటికే ఉమామహేశ్వర వేళ్లకు స్పర్శ లేదు.

"పన్నెండుమందీ బతికినారప్పా. నీకేమన్నా కావల్నా? ఎవరికన్నా ఏమన్నా చెప్పల్నా?"

"రివ్యూలో ఒక అబద్ధం రాసినా సార్, దిద్దండి," అన్నాడు ఉమామహేశ్వర. "దాంట్లో మాడిన బెల్లం ఏమీ లేదు. శానా బాగుండాది."