నవ్వని మేష్టారు

"సార్, కొంచెం నవ్వండి!"

మేష్టారి మొహంలో చలనం లేదు.

"నా మీద కోపమా సార్?" అన్నాడు ఫోటోగ్రాఫర్ కెమెరా దించి.

పక్కనే నిలబడ్డ కూతురికి చిర్రెత్తుకొచ్చింది. "నాన్న నవ్వుతూనే ఉన్నారు. పైకి కనబడదంతే. ఆయనకి పార్కిన్సన్స్ జబ్బు."

అతను నాలుక కరుచుకున్నాడు. అంతలో బయట వాన దంచికొట్టింది. చేసేది లేక ముగ్గురూ స్టూడియోలోనే కూర్చుని కాఫీ తాగారు. ఆమె మెదడు రసాయనాల మీద పరిశోధన చేస్తోందట.

"డోపమైన్ తగ్గితే ఒంట్లో కదలికలన్నీ నెమ్మదిస్తాయి, మొహంతో సహా. అసిటైల్‌కొలీన్‌ది పైచేయి అయితే చెయ్యి వణుకుతుంది. సెరటోనిన్ తగ్గితే దిగులు పట్టుకుంటుంది."

"మరి నా గుండె ఇలా దడదడలాడుతోందే, అదేం రసాయనమండీ?"

"నార్‌ఎడ్రినలిన్. భయపడితే వస్తుంది," అందామె. వాన కాస్త తగ్గాక గొడుగు విప్పుతూ మాత్రం పకపకా నవ్వేసింది.

ఫోటోలు ఇచ్చే వంకతో వాళ్ళింటికెళ్ళాడు. మేష్టారితో చదరంగం ఆడి చిత్తుగా ఓడాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ ఓడాడు. కూతురు వంటింట్లోంచి తొంగిచూసినప్పుడల్లా ఎత్తులు మర్చిపోతుంటే గెలిచేదెలా?

"ఓడిపోవడానికే వస్తారా?" అందొకరోజు.

"మీరు కనబడతారని వస్తాను."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఆ మాట నాన్నకి చెప్పే దమ్ముందా?"

ఉందనుకున్నాడు. ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళి, గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. మేష్టారు రెప్ప వాల్చకుండా చూస్తూ ఉండిపోయారు. ఆ మొహం చూడగానే ఆమె చెప్పిన పాఠమంతా ఎగిరిపోయింది. "తప్పయితే క్షమించండి," అని గబగబా మెట్లు దిగిపోయాడు.

వీధి మలుపులో వెనక నుంచి చెప్పుల చప్పుడు. ఆమే! రొప్పుతూ వచ్చి చొక్కా పట్టుకుంది.

"మొహం చూసి పారిపోయారా? అంత విడమర్చి చెప్పాను కదా!"

"తెలుసు. కానీ కాళ్ళు ఆగలేదు."

"నాన్న కాళ్ళేమో కదలట్లేదు. మీకోసం బయల్దేరి గుమ్మం దగ్గర ఆగిపోయారు. రండి!"

ఇద్దరూ పరుగెత్తారు. మేష్టారు గడప ముందు, పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడి ఉన్నారు. దాటడానికి ఎదురుగా ఏదైనా కనబడితే కాలు లేస్తుందని ఆమె ఒకసారి చెప్పింది. అతను ఎదురెళ్ళి ఆయన చేతులు పట్టుకుని, తన పాదం అడ్డంగా పెట్టాడు. "దీన్ని దాటండి సార్."

మేష్టారు దాటారు. గడపా దాటారు. అల్లాడుతున్న చేతిని అతని భుజం మీద వేసి, గాలి లాంటి గొంతుతో ఏదో అన్నారు. అతను చెవి దగ్గరగా పెట్టాడు.

"నోరు విప్పడానికి నాకు కాస్త టైం పడుతుందయ్యా, అల్లుడూ! ఈలోపే పారిపోతే ఎలా?"