మసకేసిన షీట్లు

ఆ పొద్దున సింహాచలం క్వార్టర్లో ఉప్మా వాసనని రంగుల్లో కలిపే థిన్నర్ వాసన మింగేసింది. బయట బిలాస్‌పూర్ అంతా లాక్‌డౌన్. స్టేషన్ వైపు నుంచి గూడ్సు కూతలే తప్ప మనుషుల అలికిడి లేదు. రైల్వే షెడ్డులో బోగీలకు రంగులేసే సింహాచలం, ముందుగదిలో చాప పరుచుకుని ప్లాస్టిక్ షీట్లు కోస్తున్నాడు.

అవి కూతురు జ్యోతిర్మయి ఆసుపత్రికి. నర్సుగా చేరి ఏడాదైనా నిండని పిల్ల, కరోనా వార్డు డ్యూటీకి తనంతట తానే పేరిచ్చింది. ముఖానికి కట్టుకునే షీల్డులు అక్కడ అందరికీ చాలడం లేదు. తెలిపారా బజార్లో తెలిసిన జిరాక్స్ షాపాయన్ని బతిమాలి, పుస్తకాల బైండింగ్‌కి వేసే షీట్లు తెచ్చుకుంది. దళసరివి కొన్ని, పల్చటివి కొన్ని. పేరిచ్చిన రోజు నుంచి తండ్రి ఆమెతో మాట్లాడలేదు. షీట్లు చూడగానే మాత్రం కత్తెర పట్టుకుని కూర్చున్నాడు.

"పల్చటివి చుట్టుకుపోతున్నాయి. పక్కన పెట్టమను" అన్నాడు భార్యతో.

"ఏటి, గుంట ఎదురుగానే ఉంది కదా? నోరు తెరిచి దానికే సెప్పు" అంది అసిరమ్మ.

కోసిన దళసరి షీట్ల మీద షాపు స్టిక్కర్ల జిగురు మిగిలింది. షెడ్డులో ఏ జిగురు అంటినా చేసే పనే ఇక్కడా చేశాడు. గుడ్డని థిన్నర్లో ముంచి, ఒక్కోటీ రెండువైపులా ఒత్తి తుడిచి, వరండాలో ఆరబెట్టాడు.

డ్యూటీకి తయారై వచ్చిన జ్యోతిర్మయి ఒకటి తీసి ముఖానికి పెట్టుకుంది. ఎదుటి గోడ కనబడలేదు. ఇంకోటి తీసింది. అదీ అంతే, మంచు పట్టిన అద్దంలా ఉంది.

"సబ్ ఖరాబ్! ఏమీ కనబడట్లేదు. నేను ఎల్లకూడదని కావాలనే చేశావు కదూ నాన్నా?"

"ఓలమ్మ, అంత మాటా!" అంది అసిరమ్మ.

"అవునే, దానికే నడుం పడిపోయేలా కూర్చున్నాను!" సింహాచలం గొంతు లేచింది. "ముందుకి తొయ్యడానికి మనలాంటోళ్ళ పిల్లలే దొరుకుతారు ఈ ఆఫీసర్లకి. షెడ్డులో చూస్తన్నాను కదా!"

"ఎవరూ తొయ్యలేదు. ఈ డ్యూటీ నాతో చేసే మైత్రికి పడింది. తనకి చంటిపాప. అందుకే నేను ఎల్తానన్నాను."

సింహాచలం చేతిలోని కత్తెర కింద పెట్టాడు.

"థిన్నర్ తగిలితే ఇలా అవుద్దని తెలీదమ్మా. కావాలని చెయ్యలేదు. కానీ నువ్వు కనబడట్లేదన్నావు చూడు, అప్పుడు మటుకు... హమ్మయ్య, ఇంక ఎల్లదు అనుకున్నాను."

జ్యోతిర్మయి అతని పక్కనే చాప మీద కూలబడింది.

"నాకు మాత్రం భయం లేదా నాన్నా? నువ్వేమో మాట్లాడవు. ఎవరికి చెప్పుకోను, బోలో?"

సింహాచలం కళ్ళు తుడుచుకుని, పల్చటి షీట్లు రెండు కలిపి పట్టుకున్నాడు. జోడించాక కాస్త నిలబడ్డాయి.

"ఇలా చూడు. ఎంతదాకా దిగాలి?"

"గెడ్డం కింద నాలుగు వేళ్ళు."

షీట్లు ఆమె నుదుటికి ఆనించి, వేళ్ళు అడ్డంగా గెడ్డం కింద పెట్టి, పెన్నుతో గీత గీశాడు. గీత పడింది కానీ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"డ్యూటీకి లేటవుతోంది నాన్నా" అంది జ్యోతిర్మయి, కదలకుండా.