తాడు దులపని రోజు

వెల్లింగ్టన్‌లోని న్యూజిలాండ్ గూఢచారి ఆఫీసు నుంచి రేడియోలో వచ్చిన ఆజ్ఞ చిన్నదే. మంచు కింద వేలాడుతున్న డబ్బా శత్రువు చేతికి పోకూడదు. పోతే ఒతీలియా బతకదు.

అంటార్కిటికాలో గడ్డకట్టిన మెక్‌మర్డో సముద్రం మీది పరిశోధన గుడిసెలో వంటవాడి వేషంలో ఉన్న ఏజెంట్ రేవి తమాతీ, నేల మధ్య కోసిన కన్నం దగ్గరికి పరిగెత్తాడు. డబ్బాలో ఉన్నది ఒతీలియా గుట్టు బయటపెట్టే ఫిల్ము. ఆ చిలీ డైవర్ పేరుకి శత్రు ముఠా మనిషి, నిజానికి వెల్లింగ్టన్ మనిషి. ఆ సంగతి పసిగట్టిన ముఠావాడు ఫిల్మును సముద్రాన్ని కొలిచే పరికరాల తాళ్ళ మధ్య తీగకు కట్టి నీళ్ళలోకి దించి, విమానమెక్కేశాడు. మనిషి లేకుండా నడిచే చిన్న సబ్‌మెరీన్ ఇవాళ వచ్చి దాన్ని పట్టుకుపోతుంది.

రేవి తీగ లాగాడు. కదల్లేదు.

రబ్బరు సూట్‌లోనూ పెదాలకు ఎర్రరంగు మరవని ఒతీలియా, కింది కెమెరా తెర చూపించింది. అక్కడి నీళ్ళు ఏది దొరికితే దాని మీద పలచటి మంచు రేకులై పేరుకుంటాయి. డబ్బా ఇప్పుడొక గాజు పొదలా పెరిగి, కన్నానికి అడుగునుంచి బిగుసుకుపోయింది.

"తాళ్ళు రోజూ దులపాలి కదా. నిన్న వంతు ఎవరిది, పెద్దాయనా?"

"నాదే. నిన్నంతా ఈ డబ్బా కోసమే వెతికాను."

"బాగా వెతికావులే."

తీగ కోస్తే డబ్బా వాళ్ళకే అందుతుంది. కన్నం మూసుకుపోయి దిగడానికి దారి లేదు. రేవి మళ్ళీ మళ్ళీ లాగాడు. విరిగిన రేకులు నీళ్ళలో చెదిరిపోయాయే తప్ప మరేం జరగలేదు.

తెర మీద దీపం కనబడింది. సబ్‌మెరీన్.

చేసేదేం లేక రేవి కూర్చుండిపోయాడు. ఒతీలియా ఫ్లాస్కులోంచి కోకో వంచి, ముందు అతనికే ఇచ్చింది.

ఇనప చెయ్యి డబ్బాను పట్టుకుని గుంజింది. రాలేదు. ప్రొపెల్లర్ వేగం పెంచింది. చెదిరిన రేకులన్నీ దానిలోకి దూరి, ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకట్టాయి. ప్రొపెల్లర్ ఆగింది. సబ్‌మెరీన్ మెల్లగా పైకి తేలి, మంచు కప్పుకి బల్లిలా అతుక్కుపోయింది.

రేవి తెర మీదకి వంగి, అది ఇక కదలదని చూసుకున్నాడు.

"కోకో చల్లారిపోతోంది," అంది ఒతీలియా. తన కప్పు ఒరిగి కోకో చేతి మీద ఒలుకుతున్నా చూసుకోలేదు. రేవి ఆమె కప్పు తీసి పక్కన పెట్టాడు.

మంచు కోసే రంపం రేపు వస్తుందని వెల్లింగ్టన్ నుంచి చీఫ్ రేడియోలో చెప్పాడు. అందాకా సబ్‌మెరీన్ దగ్గర కాపలా ఎవరని అడిగాడు.

రేవి తెర వైపు చూశాడు. గోరంతైనా లేని చేపపిల్లలు ప్రొపెల్లర్ రెక్కల మధ్య మంచు సందుల్లోకి ఒక్కొక్కటే దూరి సర్దుకుంటున్నాయి.

"కాపలాకేం కొదవలేదు సార్. కుటుంబాలతో సహా దిగారు."