తెడ్డు విన్న మాట

పొద్దున్నే గున్నమ్మ ఇసుకలో ఎండుచేపలు తిరగేస్తోంది. గుమ్మంలో కూర్చున్న కూతురు దేవి ఫోన్లో వచ్చిన ఉత్తరాన్ని మూడోసారి చదివింది. ఎన్నిసార్లు చదివితే మాత్రం అక్షరాలు మారతాయా!

"ఏటన్నారే?" అరిచినట్టు అడిగాడు ఎర్రన్న. పడవ ఇంజను మోతకి అతని చెవులు ముప్పాతిక వంతు పోయాయి.

"పేటెంట్ ఇవ్వరంట నానా!" దేవి కూడా అరిచింది. "ఇది వట్టి కంప్యూటర్ ప్రోగ్రామంట. వస్తువు కాదంట."

తెడ్డు నీళ్లలో దించి, పిడి చెవికి ఆనించి, కింద ఏ చేపల గుంపుందో చెప్పడం ఎర్రన్న వంశపు విద్య. చెవులు పోతున్నాయని తెలిశాక కూతుర్ని పడవెక్కించుకుని రెండేళ్లు నేర్పాడు. అప్పుడే దేవి తెడ్డుకి మైకు కట్టి, ఆ చప్పుళ్లన్నీ పట్టి, ఫోనే చేప పేరు చెప్పేలా ప్రోగ్రాం రాసింది. పేటెంట్‌కి పెట్టాం కదా, భయమేమిటని విశాఖలో ఒక పోటీకి చప్పుళ్లతో సహా ఇచ్చేసింది పిచ్చిపిల్ల. ఆర్నెల్లు తిరక్కుండా అక్కడి కంపెనీ ఒకటి అలాంటిదే తన పేరుతో వదిలింది. మిగిలిన ఆశల్లా పేటెంటే.

"పడవకి నంబరు రాస్తారు కదా. దీనికీ రాయమను!"

"దేనిమీద రాస్తారు నానా? పట్టుకోడానికి ఏటుందని?"

"తెడ్డు పోతే దొంగ సేతిలో దొరుకుతాది. ఇది మన కాడా ఉన్నాది, ఆళ్ల కాడా ఉన్నాది. మరేటి పోయిందని సెప్పుకోవాలే?" ఎర్రన్న కూతురి చేతిలో ఫోన్‌కేసి వేలు చూపాడు. "పైవోళ్లకి సూపించొద్దన్నానా? నా సెవి తీసుకెళ్లి బజార్లో పెట్టేసినావు!"

దేవి తల దించుకుంది. గున్నమ్మకి ఒళ్లు మండింది.

"ఆ గుంటనేటంటావు? నీకు ఇనపడినన్నాళ్లూ నీ ఇనికిడి ఎవులికైనా కనపడినాదా?"

అంతలో పక్కింటి ధనరాజు సంబరంగా వచ్చాడు. పాపం, అతనికేం తెలుసు!

"మావా, విశాఖోళ్ల కొత్త యాప్! సేపల కూత ఇనిపిస్తన్నాది, సూడు."

నొక్కాడు. చేపల గుర్రుమనే చప్పుడు. దాని మధ్య సన్నగా ఒక మగ గొంతు: "కదలకే అమ్మీ. ఊపిరి బిగబట్టి ఇను."

గున్నమ్మ చేతిలో చేప జారిపోయింది.

"ఏటయినాది?" ఎర్రన్న అందరి మొహాలూ చూశాడు.

దేవి చటుక్కున లేచింది. గోడకున్న తెడ్డు తీసి ఒక కొసకి ఫోన్ అదిమి, పిడిని తండ్రి దవడ ఎముకకి ఆనించింది. ఎర్రన్న కళ్లు పెద్దవయ్యాయి.

"నేనే! ఇది సూపిస్తే పేటెంట్ ఇస్తారా?"

"వకీలుని అడుగుతాను. ఏటంటారో తెలీదు నానా."

"మళ్లీ ఎయ్యి."

మళ్లీ వేసింది. ఈసారి చివరిదాకా విన్నాడు. ఆ చివర్న మెల్లగా దేవి గొంతు: "ఇనిపించినాది నానా!"

ఎర్రన్న కళ్లవెంట నీళ్లు కారిపోయాయి. కూతురి తల దగ్గరికి తీసుకున్నాడు.

"నీ గొంతు ఇలాగుంటాదని మరిసిపోనానే అమ్మీ," అన్నాడు మెల్లిగా. "అరవకుండా మాటాడితే ఇలాగుంటాదని."