కాఫీకి ముందు అరగంట

"కామేశం గారి కొలెస్ట్రాల్ ఇంకా దిగలేదు. ఈరోజు కూడా నెయ్యి వాడకూడదు," అని పొయ్యి మర్యాదగా చెప్పి, పెసరట్టు పెనం కింద మంట తగ్గించుకుంది. దాని పేరు వంటకాపరి. ఇంట్లో ఎవరి రక్తంలో కొవ్వెంతో, చక్కెరెంతో దానికి తెలుసు.

రమాసుందరి భర్త వైపు కొరకొరా చూసింది. "ఇన్నాళ్లుగా మీకు చుక్క నెయ్యి వేయలేదు. బయట ఎక్కడ లాగిస్తున్నారో చెప్పండి."

"ఎక్కడా తినలేదే," అన్నాడు కామేశం బొంగురు గొంతుతో.

"అయితే గాలికి పెరిగిందా?"

ఆయన ఖాళీ పళ్లెం ముందుకు జరుపుకున్నాడు. ఒకప్పుడైతే మాటకు మాట అప్పజెప్పేవాడు. దొరికిపోయాడు కనుకే నోరు పెగలడం లేదనుకుంది ఆవిడ.

కొలెస్ట్రాల్ తిండి వల్లే పెరగదన్నది ఆవిడకు తెలియని సంగతి కాదు. తానే థైరాయిడ్ మందగించిన మనిషి. ఒకప్పుడు ఆవిడ కొలెస్ట్రాలూ ఆకాశాన్నంటేది. ఆ గ్రంథి నెమ్మదిస్తే కాలేయం కూడా బద్ధకించి, రక్తంలోని చెడ్డ కొవ్వును సరిగా తీసిపారేయదు. నోరు ఎంత కట్టుకున్నా అది ఒక పట్టాన దిగదు. ఇప్పుడు ఆవిడకా బెడద లేదు. భుజం చర్మం కింద అమర్చిన చిక్కుడుగింజంత యంత్రం, గ్రంథిమిత్ర, రక్తాన్ని చూసుకుంటూ, కావలసినంత హార్మోను తానే వదులుతుంది. పరగడుపున మాత్ర వేసుకుని కాఫీ కోసం అరగంట కాచుకునే రోజులు పోయాయి. లేవగానే కాఫీ, ఆ వెంటనే ఎవరి పనిలో వాళ్లు.

ఆ మధ్యాహ్నమే గ్రంథిమిత్రను శుద్ధికి ఇవ్వవలసి వచ్చింది. కాకినాడ వైద్య కేంద్రం వాళ్లు దాన్ని తీసి, తిరిగి అమర్చేదాకా వేసుకోమని పాతకాలపు మాత్రలు చేతిలో పెట్టారు.

మర్నాడు ఆవిడ మాత్ర మింగింది. కామేశం కాఫీ కలుపుకుని, గ్లాసు మీద మూత పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. ఆవిడ జబ్బు బయటపడిన నాడు ఆయన పెట్టుకున్న నియమం అది.

"తాగేయండి, చల్లారిపోతుంది."

"నీ అరగంట కానీ."

చేయడానికి ఏ పనీ లేక ఆవిడ ఆయన ముఖం చూసింది. కళ్ల కింద ఉబ్బు. ఇంత ఉక్కపోతలో ఒంటి మీద స్వెట్టరు.

"చలేస్తోందా?"

"చాన్నాళ్ల నుంచీ. ఓపికుండట్లేదు సుందరీ. పేర్లు కూడా గుర్తు రావట్లేదు. వయసు మీద పడిందిలే అని ఊరుకున్నాను."

"నాతో చెప్పొచ్చుగా?"

"ఇలా కూర్చుని ఎన్నాళ్లయింది, ఎప్పుడు చెప్పను?" అన్నాడాయన. అందులో నిష్ఠూరం లేదు. నిజంగా తెలియక అడిగినట్టే ఉంది.

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. చల్లగా, గరుకుగా ఉంది, ఒకప్పటి తన చేతిలాగే. వంటకాపరికి కొవ్వు తెలుసు గానీ కారణం తెలియదు. కారణం తెలిసిన గ్రంథిమిత్ర ఆవిడ రక్తాన్నే చూసుకుంటూ కూర్చుంది. రెండూ తెలిసిన తాను మాత్రం మొగుడికి నెయ్యి దొంగతనం అంటగట్టింది. రమాసుందరికి సిగ్గేసింది.

"నా జబ్బే మీకూ వచ్చినట్టుందండీ. గుండె మీదకు రాకముందే చూపించుకుందాం, పదండి."

"అయితే నేను దొంగను కానన్నమాట."

ఆవిడ నవ్వబోయి ఏడ్చేసింది.

వారం తిరిగేసరికి ఆవిడ అనుమానమే నిజమని తేలింది. కేంద్రంలో కుర్ర డాక్టరు రెండు గ్రంథిమిత్రలు బల్ల మీద పెట్టాడు.

"ఆయనకు అమర్చండి బాబూ. నాకు మాత్రలే ఇవ్వండి," అంది రమాసుందరి.

"అదేంటమ్మా? మళ్లీ రోజూ కాఫీకి అరగంట ఆగాలి కదా!"

"అందుకే," అందావిడ.